నమిలే పండ్ల మిఠాయి: అంతా నీటి లెక్క

పండ్ల రసంలో బిగువునిచ్చే జెలటిన్ పొడి కలిపి, అచ్చుల్లో పోసి, ఫ్రిజ్‌లో పెట్టి తీస్తే వచ్చే మిఠాయి చూపులకు దుకాణంలో దొరికే గమ్మీలాగే ఉంటుంది. తేడా నోట్లో వేసుకున్నాక తెలుస్తుంది. అది పంటి కింద సాగదు, పంటిని వెనక్కి నెట్టదు; పుటుక్కున తెగి, రెండుసార్లు నమిలేసరికి నీరై గొంతులోకి జారిపోతుంది. బయట పెడితే గంటలు గడిచేకొద్దీ చెమర్చి పళ్లేనికి అంటుకుంటుంది, ఎక్కువ రోజులు ఉంచితే బూజు పడుతుంది. జెలటిన్ చాలలేదేమోనని మరుసటిసారి రెట్టింపు వేస్తే రబ్బరు బిళ్లలా బిగుసుకుంటుందే తప్ప కోరుకున్న సాగుడు మాత్రం రాదు. చేసినవారు తప్పంతా జెలటిన్ మీదో, అచ్చు మీదో, పండు మీదో వేస్తారు. అసలు చిక్కు మిఠాయిలో మిగిలిపోయిన నీటి దగ్గర ఉంది.

ఒక మామూలు ఇంటి కొలతను తూకం వేసి చూస్తే ఈ సంగతి తేటపడుతుంది. 240 గ్రాముల పండ్ల రసం, 40 గ్రాముల తేనె, 30 గ్రాముల జెలటిన్ తీసుకున్నారనుకుందాం. పండ్ల రసంలో చక్కెరలు, ఆమ్లాలు అన్నీ కలిపినా ఘనపదార్థం సుమారు 11 శాతమే, అంటే 26 గ్రాములు. తేనెలో అది 33 గ్రాముల దాకా ఉంటుంది. జెలటిన్‌ను పూర్తిగా ఘనపదార్థంగానే లెక్కించినా మొత్తం 310 గ్రాములలో ఘనపదార్థం 89 గ్రాములకు మించదు. మిగిలిన 221 గ్రాములు, అంటే 71 శాతం, నీరే. కార్ఖానాలో తయారయ్యే గమ్మీలో నీరు 20 శాతం దరిదాపుల్లో ఉంటుంది. 1922లో జర్మనీలోని బాన్ నగరంలో హరిబో సంస్థ స్థాపకుడు హాన్స్ రీగెల్ ఎలుగుబంటి బొమ్మ రూపంలో పండ్ల మిఠాయిని తెచ్చిన నాటినుంచి గమ్మీ అంటే జనం మనసులో మెదిలేది ఈ రెండో రకమే. మొదటిది గట్టిగా బిగిసిన జెల్లీ. అది తినడానికి బాగుండవచ్చు, కానీ దాని నుంచి నమలుడు ఆశించడం సరికాదు.

నీరు తగ్గితే సాగుడు ఎందుకు వస్తుందన్నది అర్థమైతే తక్కిన పద్ధతి అంతా దానంతట అదే బోధపడుతుంది. జెలటిన్ మిఠాయిలో ఒక వల అల్లుతుంది. వలను లాగితే సాగుతుంది, వదిలితే దగ్గరకు వస్తుంది. ఆ వల కన్నాల్లో పల్చటి రసం నిండి ఉంటే పన్ను దిగగానే వల తెగిపోతుంది, రసం బయటికి వస్తుంది. అవే కన్నాల్లో చిక్కటి చక్కెర పాకం నిండి ఉంటే వల సాగే వేగాన్ని, తిరిగి ముడుచుకునే వేగాన్ని కూడా పాకం అడ్డగిస్తుంది. పన్ను మెల్లగా దిగి, మెల్లగా పైకి రావలసి వస్తుంది. నమలుడు అనే గుణం వల, పాకం కలిసి చేసే పని. ఒక్క జెలటిన్‌ను పెంచడం వల్ల బిగువు పెరుగుతుందే తప్ప ఆ నెమ్మదితనం రాకపోవడానికి కారణం ఇదే. నిల్వ గుణం కూడా ఇక్కడి నుంచే వస్తుంది. చక్కెర నీటిని తనతో బంధించి ఉంచినప్పుడు సూక్ష్మజీవులకు అందుబాటులో ఉండే నీరు తగ్గిపోతుంది. ఈ అందుబాటు నీటిని 0 నుంచి 1 వరకు ఉండే నీటి క్రియాశీలత అనే కొలతతో చెబుతారు. అది 0.85 కన్నా తక్కువైతే హాని చేసే బాక్టీరియా పెరగడం ఆగిపోతుంది, 0.7 కంటే దిగువకు వస్తే చాలా రకాల బూజులు కూడా లొంగుతాయి. రసం గమ్మీలలో ఇది 0.9కి పైనే ఉంటుంది కాబట్టి వాటిని వండిన కూర మాదిరిగానే ఫ్రిజ్‌లో పెట్టి నాలుగైదు రోజుల్లో తినేయాలి. పండ్ల రసం సహజమైనదన్న భరోసాతో వాటిని వారాల తరబడి డబ్బాలో నిల్వ చేయడం పొరపాటు.

కాబట్టి నమిలే మిఠాయి తయారీ పాకంతో మొదలవుతుంది. మామూలు గది వేడిలో ఒక వంతు నీటిలో రెండు వంతుల చక్కెర కరుగుతుంది. అంతకు మించి కరిగించాలంటే మరిగించి నీటిని ఆవిరి చేయాలి. నీరు తగ్గేకొద్దీ పాకం మరిగే ఉష్ణోగ్రత పెరుగుతుంది కనుక, ఉష్ణోగ్రతను చూసి లోపల ఎంత నీరు మిగిలిందో చెప్పవచ్చు. తీగపాకం 110 డిగ్రీల సెల్సియస్ దగ్గర మొదలవుతుంది. 112 నుంచి 116 మధ్య మెత్తటి ఉండపాకం వస్తుంది, అప్పుడు చక్కెర సుమారు 85 శాతం. 118 నుంచి 120 మధ్య ఉండ కొంచెం బిగుస్తుంది, 87 శాతం. 121 దాటి 130 దాకా గట్టి ఉండపాకం, 92 శాతం. 146 దాటితే పాకం చల్లారాక గాజులా పెళుసుగా విరుగుతుంది, నీరు ఒక శాతానికి వస్తుంది. చప్పరించే బిళ్లలు ఆ దశలోవి. నమిలే మిఠాయి ఎప్పుడూ మధ్య దశలలోదే. ఇక్కడ నాలుగు డిగ్రీల తేడా మిఠాయి స్వభావాన్నే మార్చేస్తుంది కాబట్టి థర్మామీటరు ఖర్చుకు వెనకాడకూడదు. దాన్ని వాడే ముందు మరిగే నీటిలో ముంచి చూడాలి. సముద్ర మట్టానికి ప్రతి 300 మీటర్ల ఎత్తుకు నీరు మరిగే ఉష్ణోగ్రత సుమారు ఒక డిగ్రీ తగ్గుతుంది. ఎత్తయిన ఊళ్లో నీరు 97 దగ్గర మరిగితే 118కి బదులు 115 దగ్గరే పాకం దించాలి. థర్మామీటరు తప్పు చూపుతున్నా ఈ తీసివేతే సర్దుతుంది. పాత పద్ధతిలో చల్లటి నీళ్ల గిన్నెలో పాకపు చుక్క వేసి వేళ్లతో ఉండ చుట్టి చూడటం నేటికీ పనికొస్తుంది. చుక్క నీళ్లలో కరిగి పరుచుకుంటే లేతపాకం. వేళ్ల మధ్య ఉండ కట్టి, బయటికి తీయగానే చదునుగా వాలితే మెత్తటి ఉండపాకం. తీసినా ఆకారం నిలుపుకుని, నొక్కితేనే నొక్కుకుంటే గట్టి ఉండపాకం.

ఒట్టి పంచదారతో ఈ పని చేయబోతే పాకం చల్లారేటప్పుడు చక్కెర తిరిగి పలుకులు కట్టి, మిఠాయి ఇసుకలా కరకరలాడుతుంది. పంచదార అణువులన్నీ ఒకే ఆకారంలో ఉండటం వల్ల ఇటుకల్లా ఒకదాని పక్కన ఒకటి సులువుగా పేరుకుంటాయి. వాటి మధ్య వేరే ఆకారం గల చక్కెరలు ఉంటే ఆ పేర్పు కుదరదు. పిండిపదార్థం నుంచి తీసే చిక్కటి తీపి ద్రవమైన గ్లూకోజ్ సిరప్ వాడేది ఇందుకే. పంచదారకు దాదాపు సమానమైన తూకంలో దాన్ని వేస్తే పలుకుల భయం పోతుంది, సాగుడూ పెరుగుతుంది. సిరప్‌లోని పొడవాటి అణువులు పాకాన్ని చిక్కబరుస్తాయి. అది దొరకనప్పుడు పాకంలో నిమ్మరసమో, టార్టార్ అనే పుల్లటి ఆమ్లపు పొడో వేసి మరిగించే అలవాటు ఉంది. ఆమ్లం వేడిలో పంచదారను గ్లూకోజ్, ఫ్రక్టోజ్‌లుగా విడగొడుతుంది, ఆ రెండూ పలుకును అడ్డుకుంటాయి. అయితే ఎంత విడిపోతుందనేది మరిగిన సమయాన్ని బట్టి, ఆమ్లం పాలును బట్టి మారుతూ ఉంటుంది, పైగా ఫ్రక్టోజ్ గాలిలోని తేమను బలంగా లాగుతుంది. ఒకసారి చక్కగా కుదిరిన మిఠాయి మరోసారి జిగటగా కారడానికి ఈ అనిశ్చితే కారణం. గ్లూకోజ్ సిరప్‌కు ఇది సరైన బదులు కాదు, గత్యంతరం లేనప్పటి సర్దుబాటు మాత్రమే. గిన్నె అంచుకు అంటుకున్న పలుకులను తడి బ్రష్‌తో దించడం, మరుగు మొదలయ్యాక గరిటె పెట్టకపోవడం కూడా ఈ జాగ్రత్తలోనివే. అంచు మీది ఒక్క పలుకు జారి పాకంలో పడితే దాని చుట్టూ మిగతావి చేరతాయి.

జెలటిన్ గురించి కాస్త వివరంగా చెప్పుకోవాలి. జంతువుల చర్మంలో, ఎముకల్లో ఉండే కొల్లాజెన్ అనే మాంసకృత్తిని ఆమ్లంతోనో క్షారంతోనో శుద్ధి చేసి, వేడినీటిలో కరిగించి తీసేదే జెలటిన్. దాని పోగులు వేడిలో విడివిడిగా తేలుతుంటాయి. చల్లబడేకొద్దీ అక్కడక్కడ మూడేసి పోగులు మెలివడి ముడులు పడతాయి, ముడుల మధ్య పోగులు వదులుగా వేలాడతాయి. వల అంటే ఇదే. ఈ ముడులు సుమారు 35 డిగ్రీల దగ్గర విడిపోతాయి. మనిషి నోటి వేడికి అది చాలా దగ్గర కనుకనే జెలటిన్ మిఠాయి నమిలేకొద్దీ కరుగుతూ రుచిని వదులుతుంది. మరే బంక పదార్థమూ ఇంత చక్కగా ఈ పని చేయదు. వల బలాన్ని బ్లూమ్ అనే సంఖ్యతో చెబుతారు. ఆస్కార్ బ్లూమ్ రూపొందించిన పరికరానికి 1925లో పేటెంటు వచ్చింది. 6.67 శాతం జెలటిన్ ద్రావణాన్ని 10 డిగ్రీల దగ్గర బిగియనిచ్చి, అర అంగుళం వెడల్పు గల కడ్డీని 4 మిల్లీమీటర్ల లోతుకు దింపడానికి ఎన్ని గ్రాముల బరువు కావాలో ఆ సంఖ్య చెబుతుంది. ఇంటి వాడకానికి అమ్మే పొడి సాధారణంగా 200 నుంచి 250 మధ్య ఉంటుంది. ఒకరి కొలత మరొకరి ఇంట్లో పొసగకపోవడానికి జెలటిన్ పాకెట్టు మీది ఈ సంఖ్య వేరుగా ఉండటమూ ఒక కారణం. 150 బ్లూమ్ పొడిని 225 బ్లూమ్ కొలతకు సమానంగా వేస్తే మిఠాయి తప్పకుండా మెత్తబడుతుంది.

పొడిని నేరుగా వేడి పాకంలో చల్లడం పెద్ద తప్పు. పై పొర వెంటనే జిగురై లోపలికి నీరు వెళ్లనివ్వదు, కంటికి చేపగుడ్లలా ఉండలు మిగులుతాయి. పొడికి రెండింతల తూకం చల్లటి నీటిలో దాన్ని చల్లి పది నిమిషాలు వదిలేయాలి. ముందు తడి ఇసుకలా కనిపించే ఆ ముద్ద క్రమంగా నీటినంతా పీల్చుకుని, ఒక్కొక్క గింజ ఉబ్బి, చెంచాతో తీస్తే ఒకే గడ్డగా లేస్తుంది. అప్పుడు దాన్ని వేడినీళ్ల గిన్నె మీద ఉంచి 60 డిగ్రీల దగ్గర కరిగించుకోవాలి. పొయ్యి మీద నుంచి దించిన పాకం 90 డిగ్రీలకు దిగాక ఇది కలపాలి. జెలటిన్‌ను మరిగిస్తే పోగులు తెగి వల బలహీనపడుతుంది, ఆమ్లం తోడైతే ఆ తెగడం మరీ వేగంగా సాగుతుంది. అందుకే నిమ్మ ఉప్పు, రుచి, రంగు అన్నీ చిట్టచివరనే వేయాలి. ఆమ్లం కలిశాక మిశ్రమాన్ని గంటల తరబడి వేడిగా ఉంచినా ఫలితం చెడుతుంది.

కొన్ని పండ్లు జెలటిన్‌కు బద్ధశత్రువులు. ఉడికించని అనాసలో బ్రోమెలైన్, బొప్పాయిలో పపైన్, కివీలో ఆక్టినిడిన్, అత్తిపండులో ఫిసిన్ అనే ఎంజైములు ఉన్నాయి. ఇవి మాంసకృత్తులను ముక్కలు చేస్తాయి. ఎంత జెలటిన్ వేసినా, ఎన్ని గంటలు ఫ్రిజ్‌లో ఉంచినా ఆ రసం బిగియదు. ఆ గుజ్జును ముందుగా కొన్ని నిమిషాలు మరిగిస్తే ఎంజైములు చచ్చిపోతాయి. డబ్బాల్లో వచ్చే అనాస ముక్కలు అప్పటికే ఉడికినవి కాబట్టి వాటితో ఈ బాధ లేదు. జెలటిన్ బదులు, పండ్ల నుంచి తీసే పెక్టిన్‌తో గానీ, సముద్రపు నాచు నుంచి తీసే అగర్‌తో గానీ చేసేటప్పుడు ఈ పండ్లను పచ్చిగానే వాడుకోవచ్చు, ఎందుకంటే అవి మాంసకృత్తులు కావు.

ఇక కొలత. 150 గ్రాముల పంచదార, 150 గ్రాముల గ్లూకోజ్ సిరప్, 50 గ్రాముల నీరు కలిపి 117 డిగ్రీల దాకా మరిగిస్తే సుమారు 310 గ్రాముల పాకం మిగులుతుంది. 28 గ్రాముల జెలటిన్‌ను 56 గ్రాముల నీటిలో నానబెట్టి, 5 గ్రాముల నిమ్మ ఉప్పును అంతే నీటిలో కరిగించి కలిపితే మొత్తం 404 గ్రాములు వస్తుంది. అందులో ఘనపదార్థం 303 గ్రాములు, అంటే 75 శాతం. పోసినప్పుడు ఇది చాలు. అంతకన్నా చిక్కగా ఉంటే అచ్చుల్లోకి జారదు. ఆ తర్వాత ఆరబెట్టి మొత్తం బరువును 379 గ్రాములకు తెస్తే నీరు 20 శాతానికి దిగుతుంది. ఈ చివరి 25 గ్రాములే జెల్లీకీ మిఠాయికీ మధ్య సరిహద్దు. ఇంటి పద్ధతుల్లో ఆరబెట్టే దశ కనిపించకపోవడం విచారకరం, ఎందుకంటే ఇంతవరకు పడిన శ్రమకు ఫలితం దక్కేది అక్కడే.

ఆరడానికి సిలికాన్ అచ్చు అడ్డు. అందులో మిఠాయికి ఒక ముఖమే గాలికి తెరిచి ఉంటుంది. కార్ఖానాల్లో పళ్లేల నిండా పొడి పిండి పరిచి, బొమ్మలతో గుంటలు నొక్కి, వాటిలో పాకం పోస్తారు. పిండి అచ్చు పని చేస్తూనే అన్ని వైపుల నుంచీ తేమను పీలుస్తుంది. ఇంట్లో ఇది కష్టమేమీ కాదు. కార్న్‌ఫ్లోర్‌ను ఓవెన్‌లో 100 డిగ్రీల దగ్గర రెండు గంటలు ఆరబెట్టి, చల్లార్చి, లోతైన పళ్లెంలో రెండు వేళ్ల మందాన పరిచి, పైన చదును చేసి, గుండ్రటి మూతతోనో చెంచా వెనకభాగంతోనో గుంటలు నొక్కాలి. పిండి మరీ పొడిపొడిగా ఉండి గుంట అంచులు రాలుతుంటే కొద్ది చుక్కల నూనె కలిపి జల్లిస్తే ఆకారం నిలుస్తుంది. మిశ్రమాన్ని పోసే ముందు 60, 65 డిగ్రీల మధ్య మూతపెట్టి పదిహేను నిమిషాలు కదపకుండా ఉంచితే కలిపేటప్పుడు చిక్కుకున్న గాలి బుడగలన్నీ తెల్లటి నురగగా పైకి తేలతాయి. ఆ మీగడను తీసేస్తే కింద గాజులాంటి పాకం ఉంటుంది. పోశాక పైన పలచగా పిండి చల్లి, ఒకటి రెండు రోజులు పొడి గాలి తగిలేచోట వదిలేయాలి. సిలికాన్ అచ్చే వాడితే, బిగిసిన వెంటనే బిళ్లలను తీసి జల్లెడ మీద పరిచి, పూటకోసారి తిప్పుతూ ఆరబెట్టాలి. ఎప్పుడు ఆపాలన్నది తూకమే చెబుతుంది. పది బిళ్లలను మొదటి రోజే తూచి రాసుకుని, వాటి బరువు ఆరు శాతం తగ్గినప్పుడు ఆపితే పై లెక్కకు సరిపోతుంది. చేత్తో నొక్కి చూసే అంచనా మొదట్లో మోసం చేస్తుంది, ఎందుకంటే పైపొర ముందు ఆరి గట్టిపడుతుంది, లోపల తడి ఇంకా ఉంటుంది.

అన్నిటికన్నా కష్టమైన ప్రశ్న పండు రుచిదే. పై కొలతలో పండు లేనే లేదన్నది చదివినవారు గమనించే ఉంటారు. పండులో 85 శాతానికి పైగా నీరు ఉంటుంది కాబట్టి దాన్ని చేర్చిన ప్రతిసారీ నీటి లెక్క తలకిందులవుతుంది. నీటిని మరిగించి పోగొడదామంటే పండు వాసన దానితోనే పోతుంది. పండు రుచి అని నాలుక చెప్పేదానిలో తీపి, పులుపు పోగా మిగిలినదంతా ముక్కుకు అందే ఆవిరులే. అరటిపండు వాసనకు మూలం ఐసోఅమైల్ ఎసిటేట్, పీచ్‌కు గామా డెకాలాక్టోన్, నల్లద్రాక్ష మిఠాయిల ఘాటు వాసనకు మిథైల్ ఆంత్రనిలేట్. ఇవన్నీ వేడికి ఎగిరిపోయేవే. వంటింట్లో ఘుమఘుమలాడుతోందంటే మిఠాయిలో ఉండవలసినది గాలిలోకి పోతోందన్నమాట. ఈ చిక్కుకు మంచి పరిష్కారం ఫ్రీజ్ డ్రై చేసిన పండ్ల పొడి. గడ్డకట్టించి, గాలి తీసేసిన గదిలో మంచును నేరుగా ఆవిరి చేస్తారు కాబట్టి నీరు పోయి, రుచి చాలావరకు మిగులుతుంది. పై 404 గ్రాముల మిశ్రమంలో 12 నుంచి 15 గ్రాముల పొడిని, పోయడానికి ముందు, రెండు చెంచాల పాకంలో ముద్దగా కలుపుకుని చేరిస్తే పండు నిజంగా నోటికి తెలుస్తుంది. మిఠాయి పారదర్శకంగా ఉండకపోవడం ఒక్కటే నష్టం. పొడి దొరకనప్పుడు రసాన్ని సన్నటి మంట మీద నాలుగో వంతుకు ఇగిర్చి, జెలటిన్ నానబెట్టే నీటికి బదులుగా వాడటం రెండో మార్గం. నిమ్మ, నారింజ జాతి పండ్లకు ఇంతకన్నా సులువైన దారి ఉంది: రుచి తొక్కలోని నూనెలో ఉంటుంది, నూనెలో నీరుండదు. తొక్కను సన్నగా తురిమి పంచదారతో నలిపి కాసేపు ఉంచితే పంచదార పసుపుబారి, తడిసి, వాసన పట్టుకుంటుంది. ఆ పంచదారలో రెండు చెంచాలు చివర్లో కలపడానికి పక్కన పెట్టుకోవడం మంచిది, ఎందుకంటే మరుగులో వేసినదాని వాసన నిలవదు.

పులుపు లేకుండా పండు రుచి నిలబడదు. ఒకే మిశ్రమాన్ని రెండు గిన్నెల్లో పోసి, ఒకదానిలో మాత్రమే నిమ్మ ఉప్పు వేసి చూస్తే రెండోది ఉత్త తీపి బంకలా, మొదటిది పండులా అనిపిస్తుంది. సిట్రిక్ ఆమ్లం, అంటే నిమ్మ ఉప్పు, నాలుకకు వెంటనే తగిలి తగ్గిపోతుంది. ఆపిల్‌లో ఉండే మాలిక్ ఆమ్లం మెల్లగా పెరిగి ఎక్కువసేపు ఉంటుంది. నమిలే మిఠాయి నోట్లో చాలాసేపు ఉండేది గనుక రెండింటినీ సగం సగం వాడటం బాగుంటుంది. ఎర్ర, ఊదా రంగు పండ్లలోని ఆంథోసయనిన్ రంగు పులుపులో ఎరుపుగా మెరుస్తుంది, పులుపు తగ్గితే నీలం వైపు వాలుతుంది; పులుపు చాలిందో లేదో రంగు కూడా కొంత చెబుతుంది. మిఠాయి పైన పుల్లటి పంచదార అద్దాలంటే అది పూర్తిగా ఆరిన తర్వాతే అద్దాలి. తడి మీద అద్దితే నిమ్మ ఉప్పు లోపలి నీటిని లాగి, గంటలో చెమర్చి, అంతా పాకమైపోతుంది.

జెలటిన్ తిననివారి సంగతి చూడాలి. సాధారణంగా వారికి చెప్పే సలహా, జెలటిన్ బదులు అగర్ వేయమన్నది. సముద్రంలో పెరిగే ఎర్ర రంగు నాచు నుంచి తీసే అగర్ నీటిలో మరిగిస్తేనే కరుగుతుంది, 40 డిగ్రీల దిగువన బిగుస్తుంది, మళ్లీ కరగాలంటే 85 డిగ్రీలు కావాలి. నోటిలో అది కరగదు; పంటి కింద విరుగుతుంది. కాబట్టి ఆ సలహా బిగువు వరకే సరైనది, నమలుడు విషయంలో తప్పుదారి. పెక్టిన్ ఇంతకన్నా మేలు. 1825లో ఫ్రెంచి శాస్త్రవేత్త ఆన్రీ బ్రాకొన్నో దాన్ని వేరుచేసి పేరు పెట్టాడు. నేడు దాన్ని ఆపిల్ పిప్పి నుంచి, నిమ్మజాతి తొక్కల నుంచి తీస్తారు. జామ్‌కు వాడే మామూలు రకం బిగియడానికి చక్కెర 55 శాతానికి మించి ఉండాలి, పులుపు కూడా తగినంత ఉండాలి. దీనితో చేసే మిఠాయిలో సగం పండే ఉండవచ్చు: 500 గ్రాముల పండ్ల గుజ్జు మరుగుతుండగా, 12 గ్రాముల పెక్టిన్‌ను 60 గ్రాముల పంచదారతో పొడిగా కలిపి చల్లి, అది కరిగాక మరో 440 గ్రాముల పంచదార, 100 గ్రాముల గ్లూకోజ్ సిరప్ విడతలుగా వేసి, 107 డిగ్రీల దాకా ఉడికించి, దించి, 6 గ్రాముల నిమ్మ ఉప్పు ద్రావణం కలిపి వెంటనే పళ్లెంలో పోయాలి. వెంటనే అన్న మాట ముఖ్యం. పులుపు తగలగానే నిమిషాల్లో బిగియడం మొదలవుతుంది, బిగిశాక మళ్లీ వేడి చేసినా కరగదు. రుచిలో ఇదే అన్నిటికన్నా పండుకు దగ్గరగా ఉంటుంది, కానీ దీని కాటు మెత్తగా, పొట్టిగా ఉంటుంది. పంటికి సాగే మిఠాయి కావాలనుకున్నవారిని ఇదీ పూర్తిగా తృప్తిపరచదు.

జెలటిన్ లేకుండా నిజమైన సాగుడు కావాలంటే వల గురించే మరచిపోయి, పాకాన్నే సాగదీయాలి. గట్టి ఉండపాకం దానంతట అదే సాగే పదార్థం. దాన్ని లాగి మడిచి గాలి పట్టిస్తే మృదువుగా నమలడానికి వీలవుతుంది. 200 గ్రాముల పంచదార, 160 గ్రాముల గ్లూకోజ్ సిరప్, 70 గ్రాముల నీరు, 20 గ్రాముల వెన్న, చిటికెడు ఉప్పు కలిపి 123 డిగ్రీల దాకా మరిగించి, వెన్న రాసిన పళ్లెంలో పోయాలి. అంచులు చల్లబడి ముడుచుకోవడం మొదలుపెట్టగానే వాటిని మధ్యకు మడుస్తూ, 4 గ్రాముల పులుపు పొడిని, 12 గ్రాముల పండ్ల పొడిని పొరల మధ్య చల్లాలి. మడిచేటప్పుడు గరిటెనే వాడాలి. ఈ పాకం నీటిలా జారిపోదు, చర్మానికి అతుక్కుని కాలుస్తూనే ఉంటుంది కాబట్టి పిల్లలను ఈ దశలో దగ్గరకు రానివ్వకూడదు. చేయి పెట్టగలిగినంత చల్లారాక అసలు పని మొదలవుతుంది. ముద్దను రెండు చేతులా పట్టి మూరెడు పొడవు లాగడం, రెండుగా మడవడం, కొద్దిగా మెలిపెట్టి మళ్లీ లాగడం. మొదట అది ముదురు రంగు గాజులా, బరువుగా, చేతికి లొంగకుండా ఉంటుంది. యాభై అరవై మడతలు పడేసరికి రంగు పాలిపోతుంది, పైన పట్టుదారంలాంటి గీతలు లేస్తాయి. ఇంకా లాగితే ముత్యం మెరుపు వస్తుంది. ప్రతి మడతలో చిక్కిన గాలి లాగేకొద్దీ సన్నటి గొట్టాలుగా సాగి, ఒక్క ముద్దలో వేల పోగులవుతుంది. వెలుగు వాటి మీద చెదిరినందుకే ఆ మెరుపు. వెన్న పోగుల మధ్య జారుడునిచ్చి మిఠాయి పళ్లకు అతుక్కోకుండా కాపాడుతుంది. పది పదిహేను నిమిషాలకు ముద్ద చేతికి ఎదురుతిరుగుతుంది, లాగిన గీతలు అలాగే నిలిచిపోతాయి. అక్కడ ఆపి, తాడులా సాగదీసి, నూనె రాసిన కత్తెరతో ముక్కలు చేయాలి. గట్టిగా వస్తే మరుసటిసారి రెండు డిగ్రీలు తగ్గించాలి, ఆకారం నిలవక వాలిపోతే రెండు డిగ్రీలు పెంచాలి. శాకాహారులకు అగర్ కన్నా ముందు చెప్పవలసిన పద్ధతి ఇదే.

నిల్వ దగ్గర మళ్లీ నీటి లెక్కకే రావాలి. 0.65 నీటి క్రియాశీలత గల మిఠాయి 65 శాతం తేమ ఉన్న గాలితో సమతూకంలో ఉంటుంది. గాలిలో తేమ 80 శాతానికి పెరిగితే మిఠాయి ఆ తేమను తాగి జిగటబారుతుంది, 40 శాతానికి పడిపోతే తన నీటిని గాలికి ఇచ్చి తోలులా బిగుస్తుంది. లాగిన మిఠాయిలో నీరు ఇంకా తక్కువ కనుక తేమకు దాని దాహం ఎక్కువ. వాన పట్టిన రోజు దాన్ని మొదలుపెట్టకపోవడమే నయం. ఆరిన గమ్మీలకు అరచేతిలో రెండు చుక్కల వాసన లేని నూనె వేసి దొర్లిస్తే ఒకదానికొకటి అంటుకోవు, మెరుపు కూడా వస్తుంది. వాటిని బిగుతు మూత గల సీసాలో గది వేడిలోనే ఉంచాలి. ఫ్రిజ్‌లో పెట్టి బయటికి తీస్తే పైన నీటి చుక్కలు పట్టి పైపొర పాడవుతుంది. లాగిన ముక్కలను మాత్రం కోసిన గంటలోపే, ఆకారం వాలకముందే, ఒక్కొక్కదాన్ని మైనపు కాగితంలో చుట్టి రెండు కొసలూ మెలిపెట్టాలి.